స్టేజి మీద మాట ఆగిపోతోంది: బెంగళూరులో తెలుగు ఇంప్రావ్ చేసేవాళ్లు కాస్త దారి చూపండి

పీలేరు_పిల్లోడు | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది పీలేరు దగ్గర ఒక పల్లె. ఆరేళ్లుగా బెంగళూరులో ఉంటున్నా, ఆఫీసు మహదేవపుర వైపు. నాలుగు నెలల కిందట ఒక తెలుగు ఇంప్రావ్ బృందంలో చేరాను. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: ఇందులో స్క్రిప్టు ఉండదు. ప్రేక్షకులను ఒక చోటో, వస్తువో, బంధుత్వమో అడుగుతాం. వాళ్లు "రేషన్ షాపు" అన్నారంటే అప్పటికప్పుడు రేషన్ షాపులో ఒక కథ పుట్టాలి. రెండు కుర్చీలు తప్ప సామాను ఉండదు. మేం ఏడుగురం. ఆదివారం పొద్దున కబ్బన్ పార్కులో ప్రాక్టీసు, వాన పడితే ఒకరి అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో.

నిన్న మా మొదటి షో. ఇందిరానగర్‌లో ఒక కెఫే పై అంతస్తు, నలభై మంది దాకా వచ్చారు. నాకు పడిన మాట "పెళ్లిచూపులు". నా జోడీ పెళ్లికొడుకు తండ్రిలా వచ్చి కూర్చుని, చేతిలో లేని గ్లాసు పైకెత్తి, "ఏం బావగారూ, కాఫీలో కిరోసిన్ వాసన వస్తోందే" అన్నాడు. నేను "అది కాఫీ కాదండీ" అన్నా. "మరేంటి?" "ఏం లేదు, ఖాళీ గ్లాసు." జనం నవ్వారు. ఆ నవ్వు వినేసరికి నాకు ఊపొచ్చింది. "సరే, అమ్మాయిని పిలవండి" అన్నాడు. "నాకసలు అమ్మాయే లేదు" అన్నా. ఇంకా గట్టిగా నవ్వారు.

ఆ తర్వాత ఇద్దరికీ మాట లేదు. పావు నిమిషం అలాగే కూర్చున్నాం. పక్కనుంచి ఒకరు వచ్చి సీను ముగించారు. ఇంటికొచ్చాక కూడా ఆ పావు నిమిషం నా చెవుల్లో మోగుతూనే ఉంది.

వారమంతా మీటింగుల్లో ఇంగ్లీషు మాట్లాడి, ఆదివారం ఆ రెండు గంటల కోసం ఎదురుచూస్తా. వదిలేయాలని లేదు. మైండ్ బ్లాంక్ కాకుండా ఏం సాధన చేయాలి?

కోరమంగళ_కాఫీ | ఆదివారం, రాత్రి 10:05

తమ్ముడూ, నీ మైండ్ బ్లాంక్ కాలేదు. నువ్వు తలుపులన్నీ మూసేశావు, అందుకే పోవడానికి దారి లేకపోయింది. గ్లాసులో కాఫీ లేదన్నావు, ఇంట్లో అమ్మాయి లేదన్నావు. అమ్మాయి లేని ఇంటికి వాళ్లు పెళ్లిచూపులకు ఎందుకు వచ్చినట్టు?

నీ జోడీ ఎంత మంచి వస్తువు నీ చేతికిచ్చాడో చూడు. కాఫీలో కిరోసిన్ వాసన! "అవునండీ, ఆ కాఫీ మా అమ్మాయే పెట్టింది" అని ఉంటే చాలు. ఆ పిల్లకు ఈ సంబంధం ఇష్టం లేదని అందరికీ అర్థమైపోయేది. మిగతా సీను మీరిద్దరూ ఆ వాసన గురించి మాట్లాడకుండా కాఫీ తాగడమే.

తెరవెనుక | ఆదివారం, రాత్రి 11:30

కోరమంగళ_కాఫీ గారు అసలు విషయం చెప్పేశారు. నేను పదకొండేళ్లుగా చేస్తున్నా. మొదట ఇంగ్లీషు బృందంలో, ఇప్పుడు తెలుగులో. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

జోడీ చెప్పే ప్రతి మాటనూ మేం "ఆఫర్" అంటాం. దాన్ని కాదనడం "బ్లాక్ చేయడం". బ్లాక్ చేస్తే నవ్వొస్తుంది, అదే అందులోని ప్రమాదం. ప్రేక్షకుడు ఊహించనిది జరిగింది కాబట్టి నవ్వుతాడు. కానీ ఆ నవ్వు కోసం మీరిద్దరూ కట్టుకున్న ఇల్లు కూలిపోతుంది. కీత్ జాన్‌స్టన్ అనే ఆయన దీని గురించి చాలా చెప్పారు. లండన్‌లో రాయల్ కోర్ట్ థియేటర్‌లో పనిచేస్తూ ఈ ఆటలు తయారుచేశారు. 1968 దాకా బ్రిటన్‌లో నాటకానికి సెన్సార్ ఉండేది, ముందుగా స్క్రిప్టు చూపించి అనుమతి తెచ్చుకోవాలి. అప్పటికప్పుడు పుట్టే నాటకానికి స్క్రిప్టు ఎక్కడి నుంచి తెస్తారు? తర్వాత ఆయన కెనడా వెళ్లి కాల్గరీలో 1977లో థియేటర్‌స్పోర్ట్స్ మొదలుపెట్టారు, రెండు జట్లు పోటీపడి సీన్లు వేయడం. మనం ఆడే చాలా ఆటలు ఆయనవో, వయోలా స్పోలిన్ గారివో.

స్పోలిన్ గారి సంగతి మనలాంటివాళ్లు తప్పక తెలుసుకోవాలి. షికాగోలో వలస వచ్చిన కుటుంబాల పిల్లల కోసం, ఒకరి భాష ఒకరికి సరిగా రాని పిల్లల కోసం, ఆవిడ ఈ ఆటలు కూర్చారు. తర్వాత ఆవిడ కొడుకు పాల్ సిల్స్, ఇంకొందరు కలిసి 1959లో సెకండ్ సిటీ అనే ఇంప్రావ్ థియేటర్ పెట్టారు. అంటే ఇది మొదటి నుంచీ ఊరు మారినవాళ్ల ఆట. పీలేరు నుంచి మహదేవపురకు వచ్చిన అబ్బాయికి ఇది పట్టుకోవడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు సాధన. మాటకొకరు చొప్పున కథ అల్లే ఆట మీరు ఆడే ఉంటారు. వర్క్‌షాపుల్లో ఇంగ్లీషు లెక్కతో నేర్పుతారు. ఇంగ్లీషులో రెండో మూడో మాటకే క్రియ వచ్చేస్తుంది, ఏం జరిగిందో తెలిసిపోతుంది. తెలుగులో క్రియ చివరికి వస్తుంది. "మా, తాతయ్య, నిన్న, కొత్త, గేదెను, సంతలో" దాకా ఆరుగురు చెప్పారు. ఏడో మనిషి "కొన్నాడు" అనొచ్చు, "అమ్మలేక" అనొచ్చు, "చూసి" అనొచ్చు. "చూసి" అన్నాడంటే వాక్యం ఆగలేదు, మళ్లీ మొదటివాడి దగ్గరకు పోయింది. కాదనడం కూడా మన భాషలో చివర్లోనే ఉంటుంది. కాబట్టి ఎదుటివాళ్ల మాట చివరి అక్షరం దాకా వినకపోతే మనకు ఏమీ దొరకదు. మా బృందం రోజూ ఈ ఆట తెలుగులో ఇరవై నిమిషాలు ఆడుతుంది. ఆరు వారాల్లో మనుషులు మారిపోవడం నేను చూశాను.

ఇంకొకటి. ఎదుటివాళ్ల వాక్యంలోని చివరి మాటతో మీ వాక్యం మొదలుపెట్టండి. "కాఫీలో కిరోసిన్ వాసన వస్తోందే." "వస్తోందా? పొద్దుట్నుంచీ మాకు ముక్కు పనిచేయట్లేదండీ." అంతే. తెలివిగా ఉండక్కర్లేదు.

పద్యం_పిచ్చి | సోమవారం, ఉదయం 7:15

మంచి చర్చ. ఒక్క మాట మాత్రం చెప్పాలి. అప్పటికప్పుడు చెప్పడం మనకు లండన్ నుంచి, షికాగో నుంచి రాలేదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి అడుగుతుంటే అవధాని ఆశువుగా పద్యాలు చెప్తాడు. సమస్య, అంటే పూరించాల్సిన చిక్కు పాదం ఇస్తారు, దత్తపది, అంటే పద్యంలో వాడాల్సిన మాటలు ఇస్తారు, మధ్యలో గంట కొడతారు. అప్రస్తుత ప్రసంగం చేసేవాడి పనే సంబంధం లేని ప్రశ్న వేసి ధ్యాస చెదరగొట్టడం. దానికి అవధాని చమత్కారంగా జవాబు చెప్తే సభంతా గొల్లుమంటుంది. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ విద్యను జనంలోకి తెచ్చారు. ప్రేక్షకుల నుంచి "సజెషన్" తీసుకోవడం అంటే మనకు దత్తపదే కదా.

తెరవెనుక | సోమవారం, ఉదయం 8:50

పద్యం_పిచ్చి గారూ, అవధానం మీద నాకూ గౌరవమే, ఇక్కడే బెంగళూరు వ్యాళికావల్‌లో కూర్చుని చూశాను. కానీ దాన్నీ దీన్నీ ఒకటి అనలేను. అవధాని ఒక్కడు, మిగతావాళ్లంతా ఆయన్ను ఓడించాలని చూస్తారు. నిషిద్ధాక్షరి అంటే అడుగడుగునా "ఆ అక్షరం వద్దు" అనడమే. అంటే అక్కడ బ్లాక్ చేయడమే ఆట. ఇంప్రావ్‌లో ఎదుటివాడు ఓడితే నేనూ ఓడినట్టే. ఈ అబ్బాయి చేసిన పొరపాటు అదే, పృచ్ఛకుడిలా ఆడాడు.

మనలో దీనికి దగ్గరిది వెతకాలంటే బుర్రకథ చూడండి. కథకుడు ఒక మాట అనగానే ఇద్దరు వంతలూ "తందాన తాన" అని అందుకుంటారు, ప్రశ్న వేస్తారు, పొడిగిస్తారు. ఒక వంత హాస్యం పట్టుకుంటాడు, ఇంకొకరు ఊళ్లో నడుస్తున్న రాజకీయం తెస్తారు. ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి విషయం. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క మధ్యమధ్యలో వచ్చి చేసేదీ అంతే.

పద్యం_పిచ్చి | సోమవారం, ఉదయం 9:20

వంత సంగతి ఒప్పుకుంటాను. అవధానం గురించి ఒప్పుకోను. మంచి పృచ్ఛకుడు అవధాని ఓడిపోవాలని కోరుకోడు, గొప్ప పద్యం రావాలనే కష్టమైన సమస్య ఇస్తాడు. కష్టపెట్టడం కూడా ఇవ్వడమే.

రెండో_కుర్చీ | సోమవారం, మధ్యాహ్నం 1:10

నేను రెండేళ్లుగా చేస్తున్నా. ఎవరూ మాట్లాడని విషయం ఒకటి చెప్తాను.

మొదట నేను చేరిన బృందంలో తొమ్మిది మంది, అందులో ఆడవాళ్లం ఇద్దరం. నేను స్టేజి మీదకు అడుగు పెట్టేలోపే ఎదుటి అబ్బాయి "ఏమే, అన్నం పెట్టు" అనేవాడు. అయిపోయింది, నేను భార్యనే. లేకపోతే అమ్మని, లేకపోతే అతను వెంటపడే అమ్మాయిని. మూడు నెలల్లో ఒక్కసారి కూడా నేను కలెక్టర్ కాలేదు, దొంగ కాలేదు, ట్రాక్టర్ తోలలేదు. అడిగితే "ఆఫర్ ఒప్పుకోవాలి కదా" అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఒప్పుకోవడం అనేది ఇద్దరికీ ఉండాలి. ఒకసారి తాగుబోతు భర్త సీన్లో ఒకతను నా చెయ్యి పట్టి గుంజాడు. ఆ రోజే బయటికి వచ్చేశాను.

ఇప్పటి బృందంలో ప్రాక్టీసు మొదలయ్యే ముందు ప్రతివాళ్లూ చెప్తారు: "ఈ రోజు నా భుజం దాకా పర్వాలేదు", "నన్ను ముట్టుకోవద్దు", "మా నాన్నకు ఒంట్లో బాగాలేదు, ఆసుపత్రి సీన్లు వద్దు". ఎవరూ కారణం అడగరు. కొట్టే సీను వస్తే దూరంగా నిలబడి గాలిలోనే కొడతారు, దెబ్బ తిన్నవాళ్లు నటిస్తారు. సీను మధ్యలో "ఆపు" అంటే ఆగిపోతుంది, ఎంత బాగా నడుస్తున్నా సరే.

సీన్లో నన్ను "ఏమే" అన్నా నేను ఏం చేయొచ్చో కూడా అక్కడే నేర్చుకున్నా. "అన్నం పెట్టు" అన్నప్పుడు "పెడతా, ముందు ఆ వేలిముద్ర వెయ్యి. లాకప్‌లో భోజనానికి రిజిస్టర్ ఉంది" అన్నాను. ఆఫర్ ఒప్పుకున్నాను, అన్నం పెడుతున్నాను. కానీ నేను ఎస్సైని. అతని పిలుపుకు అర్థం మొత్తం మారిపోయింది.

పీలేరు_పిల్లోడు గారూ, మీ ఏడుగురిలో ఆడవాళ్లు ఎంతమంది? వాళ్లకు మొదటి మాట అనే అవకాశం ఎన్నిసార్లు వస్తోందో ఈ ఆదివారం లెక్కపెట్టండి.

తెరవెనుక | సోమవారం, మధ్యాహ్నం 2:00

రెండో_కుర్చీ గారూ, ఇది రాసినందుకు కృతజ్ఞతలు. మా బృందంలో చేయి గుంజడం లాంటివి జరగవు, కానీ మొదటి మాట లెక్క నేనెప్పుడూ పెట్టలేదు. ఈ వారం పెడతాను.

మీ లాకప్ సీను నుంచి ఇంకో విషయం గుర్తొచ్చింది. జాన్‌స్టన్ "స్టేటస్" అని ఒకటి నేర్పారు, సీన్లో ఎవరు పైన, ఎవరు కింద, అది క్షణక్షణం ఎలా మారుతుంది అని. ఇంగ్లీషులో దాన్ని నిలబడే తీరుతో, చూపుతో, గొంతుతో చూపించాలి. మనకు ఒక్క పిలుపు చాలు. ఒరే, ఏమే, బావా, వదినా, సారూ, అమ్మగారూ, తమరు. మొదటి మాటలోనే చుట్టరికం, వయసు, ఎవరు ఎక్కువో అన్నీ తేలిపోతాయి. ఇంగ్లీషు వర్క్‌షాపుల్లో "మొదటి మూడు వాక్యాల్లో మీ ఇద్దరి సంబంధం చెప్పండి" అని పదేపదే చెప్పేవారు. తెలుగులో సీను మొదలుపెట్టినప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, ఆ మూడు వాక్యాల పని "వదినా" అనే ఒక్క మాట చేసేసింది.

ఒక సాధన చెప్తాను. కానిస్టేబుల్, సైకిల్ దొంగ. కానిస్టేబుల్ "నువ్వు" తో మొదలుపెట్టి "తమరు" తో ముగించాలి, దొంగ "అయ్యా" తో మొదలుపెట్టి "ఒరే" తో ముగించాలి. మధ్యలో ఏం జరిగిందో మీరే కనుక్కోండి. ఒక్కో మెట్టే మారాలి. మేం దీన్ని రెండు గంటలు ఆడినా విసుగు రాలేదు.

యలహంక_పాతకాపు | సోమవారం, సాయంత్రం 6:30

మేము మూడు తరాలుగా బెంగళూరు వాళ్లము. ఇంట్లో తెలుగే, బడిలో కన్నడ, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేను పెద్దయినాక నేర్చుకున్నది, తప్పులుంటే మన్నించండి. మా ఇంటి తెలుగు మీకు వేరేగా వినిపిస్తాది. "యాడికి పోతాండావు", "ఏమి చేస్తాండావు", మధ్యమధ్యలో కన్నడ మాట. ఒక తెలుగు షోకి పోతే నా మాట విని "కన్నడమామా" అన్నారు, తర్వాత ప్రతి సీన్లో నా యాసను పట్టుకొని నవ్వించినారు. జనం నవ్వినారు. నేను మళ్లీ పోలేదు.

మీరు అందరూ ఆటల గురించి చెప్తాండారు, మంచిది. యాస గురించి కూడా ఒక నియమం పెట్టుకోండి. ఎవరి యాస వాళ్లు మాట్లాడితే అది వాళ్ల మనిషి. వేరేవాళ్ల యాసను వెక్కిరించేదానికి వేసుకుంటే అక్కడ మనిషి లేడు, ఉత్త వేషము.

కోరమంగళ_కాఫీ | సోమవారం, సాయంత్రం 7:00

అన్నా, మీరు మా ప్రాక్టీసుకు రండి. నిజంగా పిలుస్తున్నా. మా దగ్గర శ్రీకాకుళం, కరీంనగర్, అనంతపురం, నెల్లూరు అందరూ ఉన్నారు. ఎవరి ఇంటి భాష వాళ్లు మాట్లాడాలి, ఇంకొకరి యాస ఎత్తుకోకూడదు అనేదే మా మొదటి నియమం. కరీంనగర్ అబ్బాయి, శ్రీకాకుళం అమ్మాయి అన్నాచెల్లెళ్లుగా సీను వేస్తే "వీళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఎలా పుట్టారు" అని ఎవరూ అడగలేదు. ఆ సీను ఆస్తి పంపకం గురించి, అందరూ దానిలోనే ఉన్నారు.

మెట్రో_మధు | సోమవారం, రాత్రి 9:15

నాకు కళ గురించి ఎక్కువ తెలియదు, బృందంలో ఏర్పాట్లు చూసేది నేను. పనికొచ్చేవి చెప్తా.

పార్కులో ప్రాక్టీసు చేస్తే మైకు, స్పీకరు తేవద్దు, నడిచేవాళ్ల దారికి అడ్డంగా నిలబడొద్దు. మెట్రో పర్పుల్ లైన్‌లో కబ్బన్ పార్క్ స్టేషన్ ఉంది కాబట్టి వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చేవాళ్లకు సులువు. సెంట్రల్ లైబ్రరీ ఎర్ర భవనం వైపు చెట్ల కింద నీడ బాగుంటుంది.

షోకి కెఫే దొరికితే ముందే వెళ్లి మిక్సీ ఎక్కడుందో చూడండి. కౌంటర్ పక్కనే స్టేజి వేస్తే జ్యూసు చేసినప్పుడల్లా ఒక వాక్యం పోతుంది. టైముకు మొదలుపెట్టండి. జేపీ నగర్ రంగశంకర థియేటర్‌లో తలుపు మూశాక లోపలికి పంపరు, ఈ ఊరి నాటకాల జనానికి ఆ అలవాటు అక్కడే అయింది. మనవాళ్లు కూడా రెండు షోలకల్లా అలవాటు పడ్డారు. ఇంకా, సజెషన్ అడిగేటప్పుడు "ఏదైనా ఒక మాట చెప్పండి" అంటే ప్రతి షోలో సినిమా హీరో పేరో, బాత్రూమో వస్తుంది. "మీ అమ్మ ఎప్పుడూ పారేయని వస్తువు ఏంటి?" అని అడగండి. మాకు హార్లిక్స్ సీసా, ఊడిపోయిన గడియారం ముల్లు, పెళ్లినాటి ట్రంకు పెట్టె వచ్చాయి.

పీలేరు_పిల్లోడు | నాలుగు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:20

మీరందరూ రాసింది మా బృందం మొత్తానికి చదివి వినిపించాను. రెండో_కుర్చీ గారూ, లెక్కపెట్టాం. ఆ ఆదివారం పద్దెనిమిది సీన్లు వేస్తే మా ఇద్దరు అమ్మాయిలకు మొదటి మాట దొరికింది మూడింట్లో. మాకు సిగ్గనిపించింది. ఇప్పుడు మొదట ఎవరు మాట్లాడాలో వంతులు వేసుకున్నాం, ముట్టుకోవడం గురించి ముందే చెప్పుకుంటున్నాం. గేదె ఆట ప్రతి ప్రాక్టీసులో ఆడుతున్నాం.

నిన్న రెండో షో. మధు గారి ప్రశ్నే అడిగితే ఒక పెద్దావిడ "ఇస్త్రీ పెట్టె" అన్నారు. మా బృందంలో అమ్మాయి ముందు వెళ్లి ఇస్త్రీ చేస్తూ నిలబడింది. నేను వెళ్లి ఊరికే నిలబడ్డా. ఏమీ ఆలోచించుకోలేదు, తను ఏమంటుందో వినాలని మాత్రమే అనుకున్నా. చాలాసేపు ఏమీ అనలేదు. అప్పుడు చొక్కా జేబులోంచి ఏదో తీసి, "అబ్బోడా, ఈ బస్సు టికెట్ ఎవరిదిరా?" అంది. ఆ పిలుపుతో నేను కొడుకునైపోయా. మా ఇంటి మాట దానంతటదే వచ్చేసింది.

"నాదేమా. ఊరికొచ్చింటి."

"ఊరికొచ్చి ఇంటికి రాకపోతివా?"

హాలంతా నిశ్శబ్దం. పోయినసారి నిశ్శబ్దంలాంటిది కాదు. అందరూ జవాబు కోసం చూస్తున్నారు, నేను కూడా.

"వచ్చింటిమా. తలుపు కాడి దాకా వచ్చింటి. లోపల మీరు నా పెండ్లి గురించే మాట్లాడుకుంటాంటే ఎనక్కి పోతి."

నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది, ముందు వరస నుంచి వెనక్కి. తను ఇస్త్రీ పెట్టె ఆపలేదు, నా వైపు చూడనూ లేదు. "అట్లయితే పిల్ల పేరు గూడా వినే ఉంటావే" అంది. ఇంకో మూడు నిమిషాలు నడిచింది ఆ సీను. షో అయ్యాక ఆ పెద్దావిడ వచ్చి మా ఇద్దరి చేతులూ పట్టుకుని, తమది మదనపల్లె అనీ, కొడుకు సర్జాపుర రోడ్డులోనే ఉంటాడనీ చెప్పారు.

యలహంక_పాతకాపు గారూ, మీరు కోరమంగళ_కాఫీ గారి ప్రాక్టీసుకు వెళ్లారా?

యలహంక_పాతకాపు | ఆదివారం, రాత్రి 10:45

రెండు వారాలుగా పోతాండా. నిన్న నేను వాళ్లకు కలెక్టరు.

రెండో_కుర్చీ | ఆదివారం, రాత్రి 10:50

పీలేరు గారూ, మీ ఇస్త్రీ అమ్మాయికి నా తరఫున చెప్పండి, ఆ "పిల్ల పేరు" మాట చాలా బాగుంది. వచ్చే నెల మన బృందాలన్నీ కలిసి ఒక జామ్, అంటే అందరం కలిసి ఆడుకునే ప్రాక్టీసు, పెట్టుకుందామా? లైబ్రరీ వైపు చెట్ల కింద, పొద్దున ఎనిమిదికి. మధు గారూ, చాపలు మీరు తెస్తారా?